ముసలి కారు - సుదీర్ఘ పందెము



కారు పందెమనగానే మెరుపు వేగమును, అపార ధనవ్యయమును స్మరణకు వచ్చుట సహజము. అయితే నెల జీతముపై బ్రతుకు సామాన్యులు సైతము పాల్గొనగల పందెమొకటి అమెరికాలో కలదు. ఫ్రాన్సు దేశములోని లె మాన్స్ పట్టణమున 1923లో ప్రారంభమైన 24 గంటల పందెము లోకప్రసిద్ధము. దానిని పరిహసించుచు 2006లో కాలిఫోర్నియాలో పుట్టినది ‘లెమన్స్’ పందెము. కొన్నవానిని ఏడిపించు కారును అచ్చటివారు ‘లెమన్’, అనగా నిమ్మపండు, అందురు. పేరులోని చమత్కారమదియే. పేరున 24 గంటలైనను, పెక్కు పందెములు రెండు పగళ్ళుగా విభజింపబడి సాగును.

దీని మూలనియమము విచిత్రమైనది. కారు కొన్న ధరయు, దానిని పందెమునకు సిద్ధపరచిన ఖర్చును కలిపి 500 డాలర్లు మించరాదు. మించినట్లు నిర్ణేతలకు తోచినచో, అదనపు ప్రతి 10 డాలర్లకు ఒక చుట్టు చొప్పున కోత పడును. అయితే చక్రములు, టైర్లు, బ్రేకులు, ప్రాణరక్షణ సామగ్రి ఈ లెక్కలో చేరవు. పొదుపు ఇంజనుపై చూపవచ్చును గాని మనిషి ప్రాణముపై చూపరాదనుటయే దీని భావము. కావున అసలు వ్యయము 500 డాలర్లకు ఎన్నో రెట్లగును. గుర్రము గ్రుడ్డిదైనా దాణా తప్పదు గదా!

ఇట్టి పందెములలో కానవచ్చు పాత కార్లలో బ్రిటిషు వారి ఎం.జి.బి. యొకటి. 1962 మొదలు 1980 వరకు ఇవి ఐదు లక్షలకు పైగా తయారైనవి. దీని 1798 ఘన సెంటీమీటర్ల ఇంజను భారతీయులకు పూర్తిగా పరాయిది కాదు. ప్రభుత్వ కార్యాలయముల ముంగిట దశాబ్దములపాటు నిలిచి, 2014లో తయారీ ముగిసిన అంబాసిడరు కారులో చిరకాలము పనిచేసిన 1489 ఘన సెంటీమీటర్ల ఇంజనును ఈ వంశములోనిదే. వేగము తక్కువైనను, మోటుగా వాడినను ఓర్చుకొనుట ఈ వంశలక్షణము.

ఇట్టి కారును పందెమునకు మలచు విధమెట్టిది? మొదట చూడవలసినది ఇంజను కాదు, తుప్పు. ఎం.జి.బి.కి విడిగా చట్రము లేదు, ఒళ్ళే చట్రము. తలుపుల క్రింద పొడుగునా సాగు ఉక్కు పెట్టెలే దానికి వెన్నెముక. పై రంగు నిగనిగలాడుచున్నను, స్క్రూడ్రైవరుతో పొడిచినచో లోనికి దిగబడు బండ్లు ఎన్నియో! పైన పటారము, లోన లొటారము. కారు పల్టీ కొట్టినప్పుడు నడపువానిని కాపాడునది ఉక్కు గొట్టముల పంజరము. దానిని తుప్పుపట్టిన నేలకు అతికినచో ఆపత్సమయమున అది నేలను చీల్చుకొని పోవును. కావున చెడిన రేకును కోసి కొత్త రేకు అతికిన పిమ్మటనే పంజరము నిలుపవలెను. దానితోపాటు నడుమును భుజములను బంధించు పట్టీలు, అగ్నినిరోధక దుస్తులు, విద్యుత్తును ఒక్కసారిగా తెంచు మీట, మంటలార్పు సాధనము ఉండవలెను.

తరువాత భారము తగ్గించుట. మెత్తలు, తివాసీలు, అలంకారములు తీసివేసినచో ఇంజనుకే కాక బ్రేకులకును శ్రమ తగ్గును. తీసిన భాగములను అమ్మి వచ్చిన సొమ్మును లెక్కలో తగ్గించుకొను ఉపాయమును కలదు.

పిదప వేడితో పోరాటము. రేడియేటరు శుభ్రపరచవలెను, ఇంజను నూనె చల్లబడుటకు వేరొక చిన్న రేడియేటరు అమర్చుట మేలు. మలుపులలో నూనె ఒక ప్రక్కకు ఒరిగి పంపునకు అందకపోయినచో బేరింగులు క్షణములలో నశించును. అందుకే నూనె తొట్టిలో అడ్డురేకులు అతికెదరు. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరిన ద్రవము త్వరగా మరగి, త్రొక్కిన పెడలు నేలకు దిగును గాని కారు ఆగదు. కొత్త ద్రవమునకగు స్వల్పవ్యయమును మిగుల్చుకొని ప్రాణమును పణమొడ్డుట వివేకము కాదు.

ఇక పందెపు కిటుకు సామాన్య గణితమే. 24 గంటలు ఎడతెగక సాగు పందెమును ఊహింపుడు. చుట్టుకు 165 సెకనులు పట్టు వడిగల కారు, చెడిపోయి మూడు గంటలు నిలిచినచో 458 చుట్లే ముగించును. చుట్టుకు 180 సెకనులు పట్టు నెమ్మది కారు ఆగకుండ తిరిగినచో 480 చుట్లు పూర్తిచేయును. నిదానమే ప్రధానము. అయితే చోదకులు వంతులవారీగా నడుపవలెను. పెట్రోలు నింపునప్పుడు చోదకుడు దిగవలెను. ఒకడు మంటలార్పు సాధనము పట్టి కాచుకొనవలెను. ఒక్కని నైపుణ్యము కన్న పదిమంది క్రమశిక్షణ ముఖ్యము.

ఈ పందెములో అత్యున్నత గౌరవము ముందు వచ్చిన కారుకు గాక, ఎవ్వరును ఆశింపని నాసిబండితో ఘనకార్యము సాధించిన జట్టుకు దక్కుట విశేషము.

పూర్వుల శిల్పమును కోసి పందెమున అరగదీయుట పాపము కాదా యని కొందరందురు. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. చెక్కు చెదరని అరుదైన కారును కోయుట నిశ్చయముగా తప్పు. ఒకసారి కోసిన దానికి పూర్వరూపము రాదు. కాని వేలకొలదిగా మిగిలిన జాతిలో, బాగుచేయు ఖర్చు తన వెలను మించిపోయి, పాత ఇనుపకొట్టుకు చేరనున్న బండి సంగతి వేరు. దానికి ఇది హత్య కాదు, పునర్జన్మ. ఏది కాపాడదగినదో, ఏది మలచదగినదో ముందుగా నిర్ణయించుటయే అసలు విద్య. పనిముట్టు పట్టుకొనుట ఆ తరువాతి మాట.