కాల్చిన చమురు ఎచ్చటికి పోవును?



ఆముదపు దీపముపై పళ్లెరము బోర్లించి మన యిండ్లలో కాటుక పట్టుట మీరెఱుంగుదురు. తగినంత గాలి యందక సగము కాలిన నూనెయే ఆ కాటుక. గోరంత దీపమునకే అంత మసి యైనచో, బురదనేలలో వ్యాపించిన ముడిచమురు మండినపుడు ఎంత మసి పుట్టవలయును? నేను నేడు మీతో ముచ్చటింపదలచినది ఈ విషయమే.

ఆఫ్రికాఖండపు పడమటి తీరమున నైజీరియా దేశమున్నది. అచ్చట నైజరు నది పెక్కు పాయలై సముద్రమున గలియుచోట, మన కోరంగియందువలెనే, మడ అడవులు పెరిగినవి. 1956వ సంవత్సరమున ఒలోయిబిరి గ్రామముకడ చమురు బయల్పడెను. నాటినుండి గొట్టములు పగిలియు, దొంగలు వానికి కన్నములు వేసియు, చమురు కాలువల పాలగుచున్నది. దొంగిలించిన దానిని మడల మాటున బట్టీలలో కాచి డీజిలు, కిరసనాయిలు తీయువారు కలరు. వారిని పట్టుకొనవచ్చిన భటులో, ఆ చమురును, పడవలను, బట్టీలను పలుమాఱు ఉన్నచోటనే తగులబెట్టుచు వచ్చిరి. దానితో నేరము రూపుమాసినదని వారి తలంపు కాబోలు. పొగను చెఱసాలలో పెట్టజాలము గదా!

2016వ సంవత్సరాంతమునుండి సమీపముననున్న పోర్టు హార్కోర్టు నగరమున నల్లని మసి రాలజొచ్చెను. ఇందులకు గల కారణములలో ఈ మంటలు ముఖ్యమైనవి. ఆరవేసిన బట్టలపై మసి. ఊడ్చిన నేలపై మసి. బిడ్డల అరికాళ్లకు మసి. కంటికి కనబడునది తుడిచిన పోవును. వెండ్రుక మందములో 30వ వంతుకంటెను సన్నని రేణువులు మాత్రము ఊపిరితిత్తుల లోతునకు జొచ్చును. రాచపుండు కలిగించు పదార్థములు వాని నంటియుండును.

2010లో మెక్సికో సింధుశాఖలో ఓడబావి పేలి, సముద్రముపై తేలిన చమురును కాల్చినపుడు, అమెరికా శాస్త్రజ్ఞులు విమానమెక్కి ఆ పొగను కొలిచిరి. కాలిన ప్రతి 100 మణుగులకు ఇంచుమించు 4 మణుగులు మసియై గాలిలో గలసెనట!

కాల్చుట యెల్లప్పుడును తప్పని నేననను. లూసియానా చిత్తడినేలలలో, వేళ్లపై నీరు నిలిచియున్నపుడు గాలివాటము చూచి కాల్చగా, గడ్డి మరల మొలచిన తావులు కలవు. మడచెట్టు గడ్డివంటిది కాదు. 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థవారు నైజరు ముఖద్వారమందలి ఒగోనీ ప్రాంతమును శోధించి, చమురు మండినచోట నేల పెంకుగట్టి, మొక్క మొలచుటయు, శుభ్రపఱచుటయు కష్టమగుచున్నవని తెలిపిరి. మిక్కిలి చెడిన మడ అడవులు పూర్తిగ కోలుకొనుటకు 30 ఏండ్లు పట్టవచ్చునని వారి యంచనా.