బాల్కనీలో బొగ్గులు వెలిగించకండి బాబోయ్!

డల్లాస్‌లో నాకు బిర్యానీ దొరికింది, గోంగూరా దొరికింది. కానీ అమ్మ నిప్పుల మీద కాల్చి చేసే వంకాయ పచ్చడి? కరెంటు పొయ్యి మీద ఆ వాసన రాదు కదా! చిన్న బొగ్గుల గ్రిల్ కొని బాల్కనీలో వెలిగించేశా.

పది నిమిషాల్లో పై ఫ్లోర్ ఆవిడ పసిబిడ్డను ఎత్తుకుని పరిగెత్తుకొచ్చింది. పొగంతా వాళ్లింట్లోకే! అప్పుడు గమనించా, బిల్డింగంతా చెక్కే. అమెరికాలో చాలా ఊళ్ల ఫైర్ కోడ్ ప్రకారం అపార్ట్‌మెంట్లలో బొగ్గుల గ్రిల్ చెక్క కట్టడానికి 10 అడుగుల దూరంలో ఉండాలి.

మరెక్కడ కాల్చాలి? చాలా పార్కుల్లో ఇనుప గ్రిల్స్ ఉంటాయి. బొగ్గులు మనం తీసుకెళ్లాలి, వచ్చేముందు నీళ్లు పోసి పూర్తిగా ఆర్పాలి.

ఇప్పుడు ఆదివారం అక్కడే నా వంకాయలు. వీడియో కాల్‌లో అమ్మ, "తిప్పరా, మాడిపోతోంది!" అంటుంది.

మీరేం మిస్సవుతున్నారు? కామెంట్ చేయండి. బై!