ఎముక దబ్బనము



పుస్తకముల పండుగలో ఎముకల ప్రసంగమేమని మీరు నవ్వవచ్చును. మన జిల్లాకు ఉత్తరమున బేతంచెర్ల చెంతగల బిల్లసర్గం గుహలను 1880 దశకమున రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కుమారుడు హెన్రీ త్రవ్వించి, చెక్కిన ఎముకలను వెలికితీసిరి. 1970 దశకమున ఎం.ఎల్.కె. మూర్తిగారు ఆ ప్రాంతముననే ముచ్చట్ల చింతమాను గవిలో ఎముక పనిముట్లు కనుగొనిరి. అయితే మొనదేలిన ప్రతి ఎముకయు పనిముట్టగునా? దుమ్ములగొండి కొరికినను ఎముక మొనదేలును. ఈ తేడా తెలియవలెనన్న తానొకటి చేసి చూడవలెను.

నేను అంగడినుండి మేక కాలి ఎముక తెచ్చి దబ్బనము చేయబూనితిని. (రోగముతో చచ్చిన పశువు ఎముక ముట్టరాదు.) తొందరపడి గంటలకొలది ఉడికించితిని. మాంసము సులువుగా ఊడినది గాని, దబ్బనము గోనెసంచిలో రెండవ పోటుకే పుటుక్కున విరిగినది. ఎముకకు గట్టిదనమిచ్చునది సున్నపు లవణము. విరుగకుండ కాపాడునది లోని జిగురు. అతిగా ఉడికినచో ఆ జిగురు కరగిపోవును.

రెండవసారి మాంసము గోకి, కొనలు కోసి, మూలుగ తీసి, మూతకుండలో నానవేసి, నీరు మార్చుచుంటిని. వారములు పట్టినది. ఆ వాసనకు ఇంట పడిన చీవాట్లు చెప్పనక్కరలేదు. పిమ్మట గోరువెచ్చని సబ్బునీట జిడ్డు వదల్చి, నీడన ఆరబెట్టితిని, ఎండకు పగులును. నిలువున చీల్చి, ఇసుకరాతిపై తడిపి అరగదీసితిని. పొడి ధూళి ఊపిరితిత్తులకు చేటు.

ఆ దబ్బనము నేటికిని సంచులు కుట్టుచున్నది. మొనచుట్టు సానగీతలు, వాడుకవలన వచ్చిన నునుపు కన్పించును. కొరికిన ఎముకపై పంటిగాట్లే యుండును. గుహలోనో, చేనిలోనో గీతలుగల ఎముక దొరకినచో కదల్పక, చోటు గుర్తించి పురావస్తుశాఖకు తెలుపుడు. నా దబ్బనములు రెండును, విరిగినదియు విరుగనిదియు, బల్లపై నున్నవి; చేతబట్టి చూడుడు.