పునరుద్ధరించిన పాతకారు: కొనుటకు ముందు



భూమి కొనునప్పుడు లింకు దస్తావేజులు చూడవలెననియు, ఎద్దును కొనునప్పుడు పళ్ళు చూచి, అరకకు కట్టి నాలుగు చాళ్ళు దున్నించి చూడవలెననియు మీకు నేను చెప్పబూనుట సాహసము. ఆ విద్యలో మీరే నాకు గురువులు. కాని ఆ విద్యయే మీకు పరిచయము లేని యొక వస్తువు విషయమున నెట్లు ఉపయోగపడునో నేడు మనవి చేయదలచితిని. ఆ వస్తువు అమెరికా దేశపు పాత మోటారుకారు.

దానితో మనకేమి పని యని మీరడుగవచ్చును. మన పల్లెలనుండి పోయి ఆ దేశమున స్థిరపడిన బిడ్డలు చాలమంది యున్నారు. వారిలో కొందఱకు ఈ పాత కార్లపై మక్కువ కలిగినది. కుమారుడు ఫోనులో, ఏబది యేండ్లు దాటిన కారును క్రొత్తకారు వెలకంటె నెక్కువ యిచ్చి కొనుచున్నానని చెప్పినచో, ఇంట నున్న తండ్రి ఔననవలెనో కాదనవలెనో తెలియక ఊరకుండును. అట్టి తండ్రులకు నాలుగు ప్రశ్నలు చేతికిచ్చుటయే నా యుద్దేశము. నేను మిచిగన్ రాష్ట్రమున ఇరువది యేండ్లు యంత్రముల పనిలో నుంటిని. కార్లు చూడబోవునప్పుడు అచ్చటి తెలుగువారు నన్ను వెంట దీసికొనిపోవుచుండిరి. ఆ విధముగా తెలిసిన సంగతులే యివి.

ముందుగా ఆ కారెట్టిదో వినుడు. దానిని వారు ‘మజిల్ కారు’ అందురు. మజిల్ అనగా కండ. సామాన్య కుటుంబము కొనగల మధ్యరకపు కారులో, పెద్దకారునకు తగిన బలమైన ఇంజనును అమర్చినచో అది మజిల్ కారగును. 1964లో పాంటియాక్ వారు తమ టెంపెస్ట్ కారులో 389 ఘనపుటంగుళముల ఇంజనును పెట్టి, జీటీవో యను పేర అమ్మిరి. ఆ తరగతి కార్లలో 330 ఘనపుటంగుళములకు మించిన ఇంజను ఉండరాదని మాతృసంస్థయగు జనరల్ మోటార్సు వారి నిబంధన. జీటీవోను వేఱొక కారుగా చూపక, కోరినవారికి అదనముగా చేర్చియిచ్చు ఏర్పాటుగా చూపి వారు ఆ నిబంధనను తప్పించుకొనిరి. ఆ యేడు 32,450 కార్లు అమ్ముడుపోయెను. తక్కిన సంస్థలును అదే త్రోవ పట్టినవి. 1966లో క్రైస్లరు వారి 426 హెమీ ఇంజను జనసామాన్యమునకు వచ్చినది. 1968లో ప్లిమత్ రోడ్‌రన్నరు వచ్చినది. 1970లో షెవ్రొలే వారు తమ షెవెల్ కారులో 450 అశ్వశక్తిగల ఇంజనును పెట్టిరి. అంతట 1970 నాటి వాయుశుద్ధి చట్టము, బీమా సంస్థలు పెంచిన రుసుములు, 1973 అక్టోబరులో అరబ్బు దేశములు చమురును నిలిపివేయుట, ఈ మూడును కలసి ఆ యుగమును ముగించినవి. అంతయు పదియేండ్ల వ్యవహారము.

ఆ కార్లు శాశ్వతముగా నుండవలెనని చేసినవి కావు. పడుచువారు కొని, విపరీతమైన వేగమున తోలి, మూడు నాలుగేండ్లలో మార్చివేయుచుండిరి. మిచిగన్ వంటి చలిసీమలలో మంచు కరగుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పు కారు అడుగుభాగమును తినివేయును. కావున నేడు మిగిలినవానిలో మంచి స్థితిలో నున్నవి కొలది. వానిని కోరువారు పెక్కండ్రు. అందుచేతనే ఆ వెలలు.

ఇట్టి కారును పొందుటకు రెండు మార్గములు కలవు. పాడుపడిన కారును చౌకగా కొని తానే బాగుచేయించుట యొకటి. ఇతరులు బాగుచేయించినదానిని కొనుట రెండవది. రెండవదియే తఱచుగా లాభకరము. ఏలయన, ఒక కారును పూర్తిగా విప్పి, తుప్పు కోసి, ఇనుము అతికి, రంగు వేసి, మరల కూర్చుటకు వేయి గంటల పని యగుట అరుదు గాదు. అట్లు వెచ్చించిన సొమ్మంతయు అమ్మునప్పుడు తిరిగి రాదు. మొదటివాడు పెట్టిన కర్చులో కొంత రెండవవానికి కలసివచ్చును. ఇంతవఱకు లెక్క సరియే.

కాని యిందొక చిక్కు కలదు. పాడుపడిన కారు తన రోగమును దాచదు. పునరుద్ధరించిన కారు రోగమును దాచగలదు. ‘పునరుద్ధరించినది’ యను మాటకు ఏ చట్టమును కొలత నిర్ణయింపలేదు. ఒకడు చట్రమునుండి పైభాగమును వేఱుచేసి, పాత రంగునంతను గీకి, తుప్పు పట్టిన రేకులను తీసివేసి క్రొత్త రేకు వెల్డింగు చేయించును. ఇంకొకడు తుప్పుపైననే లప్పము పూయించి, నున్నగా రుద్దించి, తళతళలాడు రంగు వేయించును. ప్రకటనలో ఇరువురును వ్రాయునది ఆ యొక్క మాటయే. ఛాయాచిత్రములో ఇరువురి కార్లును ఒక్కతీరుననే యుండును.

నా మేనల్లుని విషయము చెప్పెదను. వాడు 1969వ సంవత్సరపు షెవెల్ ఎస్సెస్ 396 కారును చూచి మనసు పడినాడు. అడిగిన వెల 58,000 డాలర్లు. అందు సగము కుమార్తె కళాశాల చదువునకై కూడబెట్టిన సొమ్ము. తక్కిన సగము అప్పు. ఫోను చేసి, “మామయ్యా, ఎంత అందముగా నున్నదో చెప్పలేను. మనము ఆలస్యము చేసినచో రేపే మఱొకరు కొనిపోవుదురు” అన్నాడు. “కొనిపోవువారుండిన పోనిమ్ము, నాయనా. మనము మాత్రము శనివారము పట్టపగలు చూచిన పిమ్మటనే మాటాడుదము” అంటిని. అమ్మువానికి ముందుగా నొక్క కోరిక తెలియజేయించితిని: మేము వచ్చువఱకు ఇంజనును నడుపరాదని.

మొదట ఇనుమును పరీక్షించితిమి. రంగు మందమును కొలుచు చిన్న పరికర మొకటి కలదు. ఫ్యాక్టరీలో వేసిన రంగు మందము సుమారు అంగుళములో వేయింట 4 మొదలు 6 వంతులు. మరల వేసిన రంగు అంతకు రెట్టింపున్నను తప్పు లేదు. ఒక్కచోట మాత్రము అంకె 40కి, 50కి ఎగిరినచో, అచ్చట రంగు క్రింద లప్పమున్నదని గ్రహింపవలెను. పరికరము లేనివాడు పలుచని గుడ్డ చుట్టిన చిన్న సూదంటురాయితో చూచుకొనవచ్చును. లప్పము దళముగా నున్నచోట రాయి అంటదు. ఈ జాతి కార్లలో వెనుక అద్దము క్రిందియంచు, డిక్కీ అడుగు, వెనుక చక్రములపై రేకుల చివరలు, కాళ్ళ క్రింది రేకు, ఇవి ముందుగా తుప్పు పట్టు తావులు. పిమ్మట కారును పైకెత్తించి అడుగున దీపము పెట్టి చూడవలెను. అడుగుభాగమంతట దట్టముగా నల్లని తారువంటి పూత యుండినచో సందేహింపవలెను. మా మేనల్లుడు చూచిన కారు ఈ పరీక్షలో నెగ్గినది. ఇనుము గట్టిది. అతుకులు శుభ్రముగా నుండెను. వాని ముఖము వికసించినది.

రెండవది నడక. మేము చేరినప్పుడు ఇంజను చల్లగనే యుండెను. వెచ్చని ఇంజను అనేక లోపములను మఱుగుపఱచును. చల్లని ఇంజనును త్రిప్పినప్పుడు గొట్టమునుండి నీలిపొగ వచ్చినచో నూనె కాలుచున్నదనియు, నల్లపొగ వచ్చినచో పెట్రోలు అధికముగా పోవుచున్నదనియు, తెల్లపొగ ఎంతకును ఆగనిచో నీరు లోపలికి చేరుచున్నదనియు తెలిసికొనవచ్చును. అరగంట తోలి, వేడిమి చూపు ముల్లు నిలుకడగా నున్నదో లేదో చూడవలెను. బ్రేకు త్రొక్కినప్పుడు బండి ఒకవైపునకు లాగరాదు. టైర్ల ప్రక్కన నాలుగంకెల గుర్తు కలదు. 0519 అని యుండినచో, అది 2019వ సంవత్సరము అయిదవ వారమున తయారైనదని యర్థము. మెఱయుచున్న టైరు పదియేండ్లదైనచో, పునరుద్ధరణము జరిగి ఎంతకాలమైనదో, కారు ఎంతకాలము కదలక నిలిచియున్నదో అదియే చెప్పును. కదలక నిలిచిన కారులో రబ్బరు ఎండును, బ్రేకు ద్రవము తేమను పీల్చును, పెట్రోలు చెడును. నేటి పెట్రోలులో పదింట నొకవంతు వఱకు ఇథనాలు కలియుచున్నది. పాతకాలపు రబ్బరు గొట్టములు దానికి ఓర్వలేవు. అవి మార్పబడినవా యని అడుగవలెను. ఈ పరీక్షలోను ఆ కారు చాలవఱకు నెగ్గినది. టైర్లు మాత్రము మార్పదగినవి.

మూడవది వంశావళి. ఇచ్చటనే కథ మాఱినది. ‘ఎస్సెస్’ అను రెండక్షరములకే వేలకొలది డాలర్ల విలువ కలదు. 1966 మొదలు 1968 వఱకు తయారైన షెవెల్ కార్లలో ఎస్సెస్ అనునది కారు సంఖ్యలోనే తెలియును. 1969లో అది, మొదట జీటీవోవలెనే, కోరినవారికి చేర్చియిచ్చు అదనపు ఏర్పాటు మాత్రమాయెను. కావున ఆ యేటి కారు సంఖ్యలో ఎనిమిది సిలిండర్ల ఇంజనున్నదని తెలియునుగాని, ఎస్సెస్ అని తెలియదు. సామాన్యమైన మాలిబు కారునకు పెద్ద ఇంజను తగిలించి, బిళ్ళలు అంటించి ఎస్సెస్ అనుట కష్టముకాదు. అట్లు చేసినవి అనేకములు కలవు. నిజమును తేల్చుటకు నాటి కాగితములు కావలెను. కారును కూర్చునప్పుడు పనివారు వాడిన జాబితా కాగితము ఒక్కొక్కప్పుడు పెట్రోలు టాంకిపైనను, సీటు స్ప్రింగుల నడుమను నేటికిని దొరకును. కొన్నప్పటి పూచీ పుస్తకములో నొక చిన్న లోహపు రేకు ఉండును. పాంటియాక్ కార్లకు ఫ్యాక్టరీ నాటి బిల్లుల లెక్కలు భద్రపఱుపబడి యున్నవి. సొమ్ము చెల్లించి నకలు పొందవచ్చును. అమెరికాలో తయారైన నాటి షెవ్రొలే కార్లకు సామాన్యముగా అట్టి వసతి లేదు.

ఇంజను ముందుభాగమున కుడివైపు నున్నని పీట వంటి చోటు కలదు. అందు ఇంజను తయారైన దినము, దాని జాతిని తెలుపు అక్షరములు, కారు సంఖ్యలోని కొంతభాగము చెక్కబడి యుండవలెను. ఆ పీటపై ఫ్యాక్టరీ యంత్రము విడిచిన సన్నని గీతలు సమాంతరముగా కనబడవలెను. గీతలు అరగిపోయి, అంకెలు మాత్రము స్పష్టముగా నుండినచో, అవి తరువాత చెక్కినవని అనుమానింపవలెను. మా మేనల్లుని కారులో అంకెలు సహజముగనే యుండెను. కాని అవి ఆ కారు సంఖ్యతో కలియలేదు. ఇంజను మఱియొక కారుది. జాబితా కాగితము లేదు. లోహపు రేకు లేదు. పునరుద్ధరణము చేయుచున్నప్పటి ఛాయాచిత్రములు, రసీదులు మాత్రము కలవు.

అమ్మువాడు మోసగాడని నేననను. ఆయన మర్యాదస్థుడు. అడిగినవన్నియు విప్పి చూపినాడు. ఎస్సెస్ అని చెప్పి తనకు అమ్మిరి, తానును అట్లే నమ్మినాడు. మన పల్లెలలో, తాత తండ్రులనుండి అనుభవించుచున్న పొలమునకు పట్టా లేదని సర్వేనాడు తెలిసినవాని స్థితియే ఆయనది. పొలము పండుచునే యుండును. దస్తావేజు గల పొలము వెల మాత్రము దానికి రాదు.

తిరుగు ప్రయాణమున మేనల్లుడు చాలసేపు మాటాడలేదు. తుదకు, “మామయ్యా, కారు మంచిదే కదా?” అన్నాడు. “మంచిదే, నాయనా. ఇనుము మంచిది, పని మంచిది. ఆ రెంటికి నీవు వెల యీయవచ్చును. నిరూపణ కాని పేరునకు మాత్రము ఈయనక్కఱలేదు. ఆ పేరునకు నీవిచ్చు సొమ్ము నీ కుమార్తె చదువునకు దాచినది” అంటిని. ఆ రాత్రి వాడు మంచి మాలిబు కారునకు తగిన వెల కట్టి, అప్పు లేకుండ, చదువు సొమ్ము ముట్టకుండ తాను ఈయగలిగినంత లెక్కించి అమ్మువానికి తెలిపినాడు. ఆయన అంగీకరింపలేదు. ఇరువురును సామరస్యముగనే విడిపోయిరి. వాడు ఇంకను వెదకుచున్నాడు. కుమార్తె చదువు సొమ్ము చెక్కుచెదరక యున్నది.

ఈ కార్ల వెలలు పెరుగుచుండుననియు, ఇది భూమివలె సొమ్ము పెట్టుబడి యనియు చెప్పువారు కలరు. వెల పెరుగవచ్చును, తగ్గవచ్చును. ఈలోపల దానికి నీడ కావలెను, బీమా కావలెను, ఏటేట పని కావలెను. భూమి కౌలు తెచ్చును. ఈ కారు తెచ్చునది ఆదివారపు ఉదయమున ఒక గంట సంతోషము మాత్రమే. ఆ సంతోషమును నేను తక్కువ చేయను. ఒకనాటి శిల్పుల పనిని చెడకుండ కాపాడుట మంచి పనియే. కాని సంతోషమునకు పెట్టు సొమ్ము మిగులు సొమ్ము కావలెను, అప్పు కారాదు.

కావున, పల్లెలలో నున్న పెద్దలారా! మీ బిడ్డ అట్టి కారు మాట ఎత్తినప్పుడు వలదని కోపింపవలదు. ఈ ప్రశ్నలడుగుడు. పట్టపగలు, పైకెత్తించి అడుగు చూచితివా? చల్లని ఇంజనును త్రిప్పించి అరగంట తోలితివా? కారు సంఖ్యయు ఇంజను సంఖ్యయు కలిసినవా? పేరును నిరూపించు కాగితము నీ కంట చూచితివా? నీకంటె తెలిసినవానికి రుసుమిచ్చియైనను చూపించితివా? కడపట, ఆ సొమ్ము ఎచ్చటిది? ఇన్నింటికిని తడబడక బదులు చెప్పినచో, వాడు మీ వద్ద సంతబేరము నేర్చిన బిడ్డయే. నిశ్చింతగా కొనుమనుడు.