ఫొటో కింద పేరు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా తెల్లాపూర్‌లో జరిగిన మన సంఘం సభలో జర్నలిజం విద్యార్థుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

వార్తా ఫొటోగ్రఫీ ఎట్లా నేర్చుకుంటున్నారో నాలుగు మాటలు చెప్పమని సంఘం పెద్దలు అడిగారు. మేము ఐదుగురం. ఇద్దరం ఆసిఫాబాద్ వైపు గోండు గూడేల నుంచి, ముగ్గురం నారాయణఖేడ్ వైపు తండాల నుంచి వచ్చాం. జర్నలిజం చదువుకుంటూ ఇక్కడే తెల్లాపూర్‌లో ఒకే గదిలో ఉంటున్నాం. అందరికీ కలిపి ఒక పాత కెమెరా, ఒక 50 ఎంఎం లెన్స్ ఉన్నాయి. వంతుల వారీగా వాడుకుంటాం. గొప్ప అనుభవం ఉందని చెప్పుకోలేం. చేసిన తప్పులు మాత్రం దాచకుండా చెప్పగలం.

కొత్తలో మేం ఇక్కడి టవర్లు, క్రేన్లు, చెరువు మీద పొద్దుగూకే వెలుగు తీసుకుంటూ తిరిగాం. వాటిని చూసి మా సారు ఒక్కటే అడిగారు: “ఇందులో మనుషులేరి?” పక్కనే కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళ కాలనీని 2023 జూన్‌లో ప్రారంభించారు. ప్రారంభోత్సవాలకు కెమెరాలు కొదవ ఉండవు. కానీ అక్కడ చేరిన కుటుంబాలు ఎట్లా బతుకుతున్నాయి, పనికి ఎంత దూరం పోతున్నాయి, పిల్లలు ఏ బడికి పోతున్నారు అనేవి తెలియాలంటే మళ్ళీ మళ్ళీ పోవాలి. వార్తా ఫొటో అంటే సభ రోజున ఉండడమే కాదు, సభ అయిపోయాక కూడా ఉండడమని అప్పుడు తెలిసింది.

ఇక మా పెద్ద తప్పు. ఇక్కడ కట్టే ఒక భవనం దగ్గర మన తండా అమ్మ ఒకామె ఇటుకలు మోస్తుంటే ఫొటో తీశాం. వెలుతురు బాగా కుదిరింది. ముఖం మీద దుమ్ము, వెనక టవర్. క్లాసు ప్రదర్శనలో పెట్టి కింద ‘గిరిజన కూలీ, తెల్లాపూర్’ అని రాశాం. అందరూ మెచ్చుకున్నారు. ఆ సంతోషంలో ఒక ప్రింటు తీసుకుపోయి ఆమెకు ఇచ్చాం. ఆమెకు చదువు రాదు. కింద ఏం రాశారని అడిగింది. చదివి వినిపించాం. “నాకు పేరు లేదా కొడుకా?” అంది.

మాకు నోట మాట రాలేదు. బయటివాళ్ళు మనల్ని బొమ్మల్లా చూపిస్తారని సభల్లో కోప్పడేది మనమే. మనోళ్ళ చేతికి కెమెరా వచ్చినా అదే పని జరిగింది. ఆ రోజు నుంచి కెమెరా సంచిలో ఒక నోటు పుస్తకం పెట్టుకుంటున్నాం. పేరు, ఊరు, పని, తేదీ, వారు చెప్పిన మాట, ఎక్కడ వేయడానికి ఒప్పుకున్నారు అనేవి రాసుకుంటాం. ఈ ప్రసంగంలో ఆమె పేరు ఎందుకు చెప్పడం లేదని మీరు అడగవచ్చు. ప్రదర్శనలో పేరు మార్చి రాయడానికి ఆమె ఒప్పుకుంది. ఇంటర్నెట్‌లో వచ్చే సంచికలో పెట్టవచ్చా అని ఇంకా అడగలేదు. ఊరి నుంచి తిరిగి వచ్చాక అడుగుతాం. ఒకచోటికి ఇచ్చిన అనుమతి అన్నిచోట్లకూ ఇచ్చినట్టు కాదు.

మన పండుగల ఫొటోలకూ ఇదే వర్తిస్తుంది. దండారిలో గుస్సాడి ఆట తీయాలంటే షట్టర్ వేగం పెంచాలి, లేకపోతే నెమలి ఈకల టోపీ చెదిరిపోతుంది. అది వారంలో నేర్చుకోవచ్చు. ఎప్పుడు కెమెరా దించాలో మాత్రం పటేల్‌ను, పెద్దలను అడిగే నేర్చుకోవాలి. గుస్సాడి వేషం మనకు వేడుక కాదు, నియమం. పూజ దగ్గర ఫ్లాష్ కొట్టి సంపాదించిన ఫొటో ఎంత బాగున్నా మనకొద్దు.

ఇది కొత్త సంగతేం కాదు. 1940ల్లో హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో మన మధ్య ఉండి, మన భాష నేర్చుకుని, ఫొటోలు తీసి వివరాలు రాసుకున్నారు. వారి సమాధులు కూడా అక్కడే ఉన్నాయి. ఆ ఫొటోల సేకరణ లండన్‌లోని సోయాస్‌లో ఉంది. గుస్సాడి ఆటకు 2021లో పద్మశ్రీ తెచ్చిన కనకరాజు గారిదీ మార్లవాయే. 2024లో ఆయన మనల్ని వదిలి వెళ్ళారు. మన తాతల ముఖాలు చూడాలంటే లండన్ వైపు చూడాల్సి వస్తోంది. మన మనవళ్ళకు ఆ పరిస్థితి రావద్దు.

ఇక బతుకుదెరువు సంగతి. ఈ పనిలో మొదట్లో డబ్బు తక్కువ. పెళ్ళిళ్ళు తీస్తూనే మేం ఫీజులు కట్టుకుంటున్నాం. అందుకే హక్కులు తెలుసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మనంతట మనం తీసిన ఫొటోకు మొదటి హక్కుదారు తీసినవారే. ఎవరైనా డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు వారిది. పత్రికలో ఉద్యోగిగా తీస్తే పత్రికల్లో ప్రచురించే హక్కు యజమానిది. హక్కు అమ్ముకున్నా, ఫొటో తీసింది మనమేనని చెప్పుకునే హక్కు మనకే ఉంటుంది. 2012 సవరణ తర్వాత ఫొటోకు కాపీరైట్ తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అసలు ఫైలు ఎవరికీ ఊరికే ఇవ్వకండి. ఎక్కడ, ఎన్నిసార్లు, ఎంతకు వాడుకుంటారో కాగితం మీద రాయించుకోండి. ‘పేరు వేస్తాం, పైసలు లేవు’ అన్న పెద్ద సంస్థను కూడా చూశాం. పేరు వేయడం వారి దయ కాదు, మన హక్కు. పైసలు వేరే లెక్క.

చివరగా సంఘానికి రెండు మనవులు. ఒకటి, పిల్లలు వంతుల వారీగా వాడుకునేలా సంఘం తరఫున ఒక మంచి కెమెరా కొనండి. రెండు, మీ ఇళ్ళలో, ట్రంకు పెట్టెల్లో ఉన్న పాత ఫొటోలు తెచ్చివ్వండి. మేం స్కాన్ చేసి అసలువి తిరిగి ఇస్తాం. అందులో ఉన్నవారెవరో చెప్పగలిగిన అవ్వలు, తాతలు ఉండగానే వారి పక్కన కూర్చొని రాసుకుంటాం. ఫొటో తర్వాతైనా దొరకవచ్చు. పేరు చెప్పేవారు పోతే మళ్ళీ దొరకరు.

ఆ అమ్మ తిరిగి రాగానే మొదట ఆమె దగ్గరికే పోతాం. ఒప్పుకుంటే వచ్చే సంచికలో ఆమె ఫొటో ఉంటుంది, కింద పేరుతో సహా.