లస్కరు పేరు తెలిసిన అధికారి

 

పట్టాలు అందుకున్న మీలో చాలామంది రేపు సర్కారు కొలువుల్లో చేరతారు. అందుకే కింది సిబ్బంది విలువ తెలియడానికి మన పూండి జలాశయం మాటే చెబుతాను. 1944లో కుశస్థలి నది మీద కట్టిన ఈ జలాశయానికి మద్రాసు మేయరుగా పనిచేసిన సత్యమూర్తి పేరు పెట్టారు. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ముఖ్యమంత్రులు ఎన్టీ రామారావు, ఎంజీ రామచంద్రన్ కృష్ణా నీటి కోసం కుదుర్చుకున్న ఒప్పందం ఫలించి, 1996లో కృష్ణమ్మ ఇక్కడికి చేరింది.

ఆ నీరు వచ్చే కాలువ ఆంధ్రప్రదేశ్‌లోని కండలేరు జలాశయం నుంచి పూండి దాకా 177 కిలోమీటర్లు. ఒప్పందం మీద సంతకాలు పెద్దలవి. అర్ధరాత్రి వానలో టార్చి పట్టుకుని గట్టు మీద నడిచి, షట్టరు ఎత్తేదీ దించేదీ లస్కరు, అంటే కాలువను కనిపెట్టుకుని ఉండే కింది స్థాయి ఉద్యోగి. ఆ టార్చిలో బ్యాటరీ లేకపోయినా, షట్టరు మరకు గ్రీజు పూయకపోయినా పైవాళ్ల ఆదేశం కాగితానికే పరిమితం. గ్రీజు, బ్యాటరీ, ఒకటో తారీఖుకు జీతం సమకూర్చడమే అధికారి మొదటి పని.

ముందు సేవకుడు, తర్వాతే నాయకుడు అని అమెరికాలో రాబర్ట్ గ్రీన్‌లీఫ్ 1970లో రాశారు. తమిళనాట పుట్టి ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ గారు అలాగే బతికారు. వెట్టిచాకిరీ నిర్మూలనకు పాటుపడిన ఆయన పద్మభూషణ్‌ను సైతం వద్దన్నారు.

ఇక జట్టు సంగతి. ఫ్రాన్సులో రింగెల్మాన్ అనే పరిశోధకుడు మనుషులచేత తాడు లాగించి చూశాడు. మంది పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గిందని 1913లో ప్రకటించాడు. ‘అది నా పని కాదు’ అనే మాట ఎక్కువగా వినపడేది పెద్ద గుంపులోనే. కాలువను సెక్షన్లుగా విడగొట్టి ఒక్కో ముక్కను ఒక్కొక్కరికి అప్పగించడంలో ఉన్న తెలివి ఇదే. అలాగని ఖాళీలు నింపకుండా ముగ్గురి పని ఒక్క లస్కరు నెత్తిన రుద్దితే అది చిన్న జట్టు కాదు, అన్యాయం.

కనుక మీరు చేరిన తొలి నెలలోనే మీ కింది సిబ్బంది పేర్లు, వాళ్ల పని, వాళ్ల ఇబ్బంది తెలుసుకోండి. తెలుసుకోలేనంత మంది ఉంటే జట్టును విడగొట్టమని అడగండి. చాలినంత మంది లేకపోతే పోస్టులు నింపేదాకా పట్టు వదలకండి. మీ కుర్చీకి గౌరవం తెచ్చేది ఈ పనే.