దాచినదంతా నిల్వ కాదు



వరికోతలు ముగిసి కల్లంలో ధాన్యం రాశి కనబడగానే ప్రతి ఇంటిలోను వినవచ్చే మాట ఒకటే: "విత్తనానికి కొంత దాచిపెట్టాలె." ఈ దాచిపెట్టడాన్ని గురించే ఇవాళ నాలుగు మాటలు చెప్పుకొందాం. ముందునాటి కోసం ఉంచుకొనడానికి మన భాషలో మాటలకు కొదువ లేదు. దాచడం, కూడబెట్టడం, ఎత్తిపెట్టడం, పాతర వేయడం, నిల్వ చేయడం. పైకి అన్నీ ఒకటే అనిపిస్తవి. కాని ఒక్కొక్క మాట ఒక్కొక్క పనిని చెప్పుతున్నది.

మొదటిది దాచడం. ఈ మాటకు రెండర్థాలు. భద్రం చేయడమూ దాచడమే, ఎవరి కంటా పడకుండా మరుగుపరచడమూ దాచడమే. మన చిక్కంతా ఈ రెండవ అర్థంలోనే ఉన్నది. బస్తా మూతి కుట్టి, చీకటి మూలకు నెట్టి, మళ్ళీ మృగశిర కార్తె దాకా దాని ముఖం చూడకపోతే అది మరుగుపరచడమే గాని భద్రం చేయడం కాదు.

రెండవది కూడబెట్టడం. గల్లగురిగిలో పైసా పైసా వేస్తే కూడుతుంది. గనిలో పనిచేసే అన్నలు నెల జీతంలో కొంత పక్కకు తీస్తారు, అదీ కూడబెట్టడమే. డబ్బుకు ఈ మాట చాలు. డబ్బు ముక్కిపోదు, పురుగు పట్టదు. విత్తనం అట్లా కాదు. విత్తనం ప్రాణమున్న వస్తువు. బస్తాలో ఉన్నా ఊపిరి తీసుకొంటూనే ఉంటుంది.

ఈ సంగతి మన పెద్దలకు తెలుసు. వెనుకటి రోజుల్లో జొన్నలను పాతర వేసేవారు. ఎత్తైన నేలలో గొయ్యి తవ్వి, లోపల గడ్డి పరచి, గింజ పోసి, పైన మన్ను కప్పేవారు. పాతర తెరచిన వెంటనే ఎవరినీ లోపలికి దిగనిచ్చేవారు కాదు. గింజ ఊపిరితో లోపలి గాలి చెడి ఉంటుంది, దిగిన మనిషికి ప్రాణాపాయం. ఇప్పుడు పాతర వేయడమంటే ఒక పనిని పూడ్చిపెట్టి మరచిపోవడమనే అర్థంలోనే ఎక్కువగా వాడుతున్నాం. విత్తనానికి మాత్రం ఆ అర్థం పట్టనీయకండి.

గింజలో తేమ ఎక్కువైతే ఊపిరి ఎక్కువవుతుంది, బూజు పుట్టుతుంది, రాశి లోలోపల వేడెక్కుతుంది. మన జైపూర్ వారికి ఈ వేడి కొత్త కాదు. ఇక్కడి సింగరేణి విద్యుత్ కేంద్రం 2016 నుండి నడుస్తున్నది. బొగ్గును కుప్పగా పోసి వదిలితే గాలి తగిలి, లోపల వేడి పెరిగి, తనకు తానే అంటుకొంటుందని ఆ పని తెలిసినవారు ఎవరైనా చెప్పుతారు. అందుకే అక్కడ కుప్పను గట్టిగా అణచి, కనిపెట్టి ఉంటారు. రాయివంటి బొగ్గునే కనిపెట్టుకొని ఉండవలసి వస్తే, ప్రాణమున్న గింజ మాటేమిటి? కాకపోతే మందు వేరు. గింజకు అణచడం కాదు, ఆరబెట్టడం కావాలి.

వరి విత్తనంలో తేమ నూటికి 13 పాళ్ళకు, పెసర, కంది వంటి పప్పుధాన్యాలలో 9 పాళ్ళకు మించరాదు. తేమ ఒక పాలు తగ్గితే విత్తనం ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని శాస్త్రజ్ఞుల ఉజ్జాయింపు లెక్క. మిట్టమధ్యాహ్నం కాలే తారు రోడ్డు మీద విత్తనం పోయకండి. ఉదయం, సాయంత్రం ఎండలో పలుచగా పరచి తిరగవేయండి.

ఇక ఎత్తిపెట్టడం. ఈ మాట చెప్పినట్లే చేయండి. బస్తాను నేల మీద పెట్టక చెక్కల మీదికి ఎత్తండి, గోడకు ఆనించకండి. నేల చెమ్మ, గోడ చెమ్మ రెండూ బస్తాలోకి ఎక్కుతవి. ఎరువుల బస్తాల పక్కన విత్తనం అసలే వద్దు. వెదురు గుమ్మి వాడేవారు దానిని పేడతో అలికి, బాగా ఆరిన తరువాతనే గింజ పోయండి.

పెసలకు పుచ్చు పురుగు చేనులోనే కాయ మీద గుడ్డు పెట్టి ఇంటికి వస్తుంది. అందుచేత విత్తనం పెసలకు కిలోకు 5 మిల్లీలీటర్ల వేపనూనె పట్టించండి. కుండలో పోసి, పైన అంగుళానికి మించి మందంగా పొడి ఇసుక కప్పండి.

అన్ని విత్తనాలూ దాచదగినవి కావు. సంకర మక్క, సంకర పత్తి గింజలు దాచి వేస్తే పైరు ఒక్కతీరున రాదు, దిగుబడి పడిపోతుంది. సూటి రకాలను దాచుకోవచ్చును. గోదావరి అవతల పెద్దపల్లి జిల్లా కూనారం పరిశోధన స్థానం వారి కూనారం సన్నాలు అటువంటిదే. తన పంట నుండి విత్తనం దాచుకొనే హక్కును 2001 నాటి చట్టం కూడా రైతుకు ఇచ్చినది. అయితే కోతకు ముందే చేనులో బాగున్న మడిని గుర్తుపెట్టి, కల్తీ కంకులు ఏరివేసి, దానిని వేరుగా నూర్చండి. తినగా మిగిలినది విత్తనం కారాదు, విత్తనం తీయగా మిగిలినదే తిండికి పోవాలి.

చివరి మాట నిల్వ. నిలిచి ఉండేది నిల్వ. నిలిచినదో లేదో చూడనిదే తెలియదు. నెలకొకసారి బస్తా విప్పి చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలినా, ముక్కవాసన వచ్చినా వెంటనే ఆరబోయండి. నారు పోయడానికి పదిహేను రోజుల ముందు నూరు గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి ఉంచండి. వరి 80కి, పెసర 75కి తక్కువ కాకుండా మొలవాలి. తక్కువైతే వేరే విత్తనం చూసుకొనడానికి ఇంకా వ్యవధి ఉంటుంది. మడిలో చల్లిన తరువాత తెలిస్తే మళ్ళీ విత్తనం కొనవచ్చును గాని, పోయిన అదను మళ్ళీ కొనలేము.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మనకు సామెత ఉన్నది. చూడక దాచితే బస్తాలోనే కరుగుతాయని దానికి మరొక మాట కలుపుకొందాం. ఈ వారంలోనే ఒకసారి మీ విత్తనం బస్తా విప్పి చూడండి.